నీలి కొమ్ముల ఎద్దు

ఫౌజులో నేను తుపాకీ కంటే సూదే ఎక్కువ పట్టుకున్నాను. అదీ మనుషులకు వేసే సూది కాదు. పశువైద్య విభాగంలో డాక్టరు చెప్పినట్టు గొడ్లకు, గుర్రాలకు, కంచరగాడిదలకు మందులు వేసేవాణ్ణి. పింఛను పుచ్చుకొని ఖానాపూర్ దగ్గర మా ఊరికి వచ్చాక అందరూ నన్ను మిల్ట్రీ తాత అంటున్నారు. నేనేదో సరిహద్దులో శత్రువుల్ని చెండాడి వచ్చానని వాళ్ల నమ్మకం. మొదట్లో కాదని చెప్పేవాణ్ణి, తర్వాత మానేశాను. గౌరవం ఊరికే వస్తుంటే ఎవరు మాత్రం వద్దంటారు?

ఆ గౌరవమే మొన్న నన్ను ఇరకాటంలో పెట్టింది. ఖానాపూర్ బస్టాండు పక్క హోటల్లో చాయ్ తాగుతుంటే, పక్క బల్ల మీద డిగ్రీ చదివే పిల్లలు ఫోనులో ఒక యుద్ధం చూస్తున్నారు. ఏదో దేశంలో జనం రెండు వర్గాలై ఒకరినొకరు చంపుకుంటున్నారు.

"గిన్ని పెద్ద దేశాలున్నయి, ఏం జేస్తున్నయిరా? ఫౌజును దింపితే నాలుగు దినాలల్ల బందయితది," అన్నాడొకడు.

"వాళ్లింట్ల కొట్లాటకు బయటోడెందుకు వోవాలె? ఎవడు వోయినా నూనె కోసమో బంగారం కోసమో వోతడు," అన్నాడు ఇంకొకడు.

మొదటివాడు నా వైపు తిరిగాడు. "తాతా, నువ్వు గసొంటి దేశం పొయ్యొచ్చినవు గదా. నువ్వే జెప్పు. పోవాల్నా, వద్దా?"

"జర సోంచాయించి చెప్త బిడ్డా," అని లేచి వచ్చేశాను. ఆలోచించడానికి ఏమీ లేదు. ఏం జరిగిందో నాకు బాగా గుర్తుంది. చాయ్ చల్లారేలోపు చెప్పగలిగే మాట కాదని ఇక్కడ రాస్తున్నాను.

ఆ దేశం ఆఫ్రికాలో ఉంది. పేరు చెప్పను. చెబితే మీరు ఫోనులో వెతికి, నా మాట కంటే దాని మాటే ఎక్కువ నమ్ముతారు. అక్కడి సర్కారుకు, తిరుగుబాటుదారులకు యుద్ధం నడుస్తోంది. నడుమ కొన్ని దేశాల సైనికులను కలిపి శాంతి దళమని పంపారు. మాకు నెత్తిన నీలి టోపీలు, బండ్ల మీద నీలి గుర్తులు. మా శిబిరం ఒక నది ఒడ్డున, చిన్న బస్తీ పక్కన ఉండేది. నదికి ఇవతల ఒక తెగ, అవతల ఇంకొక తెగ. ఇద్దరికీ పశువులే ఆస్తి. ఇవతలి వాళ్లు సర్కారు వైపు, అవతలి వాళ్లు తిరుగుబాటుదారుల వైపు. తాతల నాటి నుంచి ఒకరి మందలు ఒకరు తోలుకుపోతూ, మధ్యమధ్యలో ఒకరి ఆడపిల్లల్ని ఒకరు పెళ్లాడుతూ బతికినవాళ్లే. ఇప్పుడు ఇద్దరి చేతుల్లోకీ తుపాకులు వచ్చాయి.

మా కమాండర్ వేరే దేశం మనిషి, మాట తక్కువ. మేం దిగిన కొత్తలోనే బస్తీ మీద దాడి జరిగింది. జనం పిల్లల్ని చంకనేసుకొని మా ముళ్లకంచె దగ్గరికి పరుగెత్తుకొచ్చారు. పైవాళ్ల హుకుం కోసం ఎదురు చూడకుండా కమాండర్ గేటు తెరిపించాడు. జనమంతా లోపలికి వచ్చారు. మా బండ్లు గేటుకు అడ్డంగా నిలబడ్డాయి. దాడికి వచ్చినవాళ్లు వాటిని చూసి దూరం నుంచే మళ్లిపోయారు. ఆ రోజు మా మందుల గుడారంలో ఒకామెకు కాన్పయింది. అప్పటిదాకా బర్రెలకు, ఆవులకు పురుడు పోసిన చేతులతో నేను ఒక ఆడపిల్లను అందుకున్నాను. బయటివాళ్లు ఎక్కడికీ పోవద్దని ఎవరైనా అంటే నాకు ఆ పిల్ల ఏడుపు వినపడుతుంది. అందుకే ఆ మాట నేను అంత తేలిగ్గా అనలేను.

బతికి బయటపడ్డవాళ్లు మరునాడే గొడ్ల గురించి అడగడం మొదలుపెట్టారు. మందల్లో ఊపిరితిత్తుల రోగం తిరుగుతోంది. దాంతో మాకు పని పడింది. డాక్టర్ సాబ్, నేను, మా బండి డ్రైవర్, ముగ్గురమే. డ్రైవర్ నిర్మల్ వాడు. వాళ్ల అబ్బాకు బజారులో రంగుల దుకాణం ఉండేది. సముద్రాలు దాటిన చోట నిర్మల్ వాడు దొరకడమంటే నాకు అన్నదమ్ముడు దొరికినట్టే. నేను అతన్ని భాయ్ అనేవాణ్ణి. మాది వ్యవసాయ కుటుంబం కాబట్టి అతను నన్ను ఎగతాళిగా పటేలా అనేవాడు.

ఇవతలి తెగ పెద్దమనిషి ఒక ముసలాయన. బాగా పొడవు, దోమలు కుట్టకుండా ఒళ్లంతా పిడకల బూడిద పూసుకునేవాడు. ఆయన మాటను మా శిబిరం దుబాసి ఇంగ్లీషులో డాక్టర్‌కు చెప్పేవాడు, డాక్టర్ హిందీలో నాకు చెప్పేవాడు. నా చెవిలో పడేసరికి అది మా ఖానాపూర్ మాట అయిపోయేది. ఆయన గొడ్డు మూతి చూసి రోగం పట్టే తీరు, చూడి ఆవు పొట్ట నిమిరే తీరు చూస్తే నాకు మా బాపే గుర్తొచ్చేవాడు. వీళ్లు మావంటి వాళ్లే, వీళ్ల సంగతి నాకంటే ఎవరికి తెలుస్తుంది అనుకున్నాను. మా కథంతా ఈ నమ్మకంతోనే పెడదారి పట్టింది.

సూది వేసిన గొడ్డుకు గుర్తు ఉండాలి. లేకుంటే దానికే మళ్లీ వేస్తాం. చెవులకు తగిలించే బిళ్లలు రాజధానిలో ఎక్కడో ఆగిపోయాయి. మా ఆదిలాబాద్ వైపు పొలాల అమావాస్య అంటే ఎడ్ల పండుగ. ఆ రోజు ఎడ్లను వాగులో కడిగి, కాడి మోపకుండా, కొమ్ములకు రంగులు పూసి ఇంటింటికీ తిప్పుతాం, పోలెలు, అంటే బొబ్బట్లు, తినిపిస్తాం. ఆ వారమే అమావాస్య వచ్చింది. ఇంటి మీద బెంగతో ఆ మాట డాక్టర్ సాబ్‌కు చెప్పాను. శిబిరంలో బండ్లకు పూసే నీలి రంగు డబ్బాలు బోలెడున్నాయి. కొమ్ములకు రంగు పూస్తే గుర్తూ అవుతుంది, నీ పండుగా అవుతుంది అన్నాడాయన.

నేను కుంచె పట్టగానే డ్రైవర్ లాక్కున్నాడు. "గిట్ల పూస్తే రెండు వానలకు పెచ్చులూడ్తది పటేలా. కొమ్మును గాజు పెంకుతోని గీకాలె, రంగుల వార్నీసు గలపాలె. మా అబ్బా బొమ్మలోళ్లకు గట్లనే గలిపిచ్చేటోడు. పదేండ్లయినా పోదు."

ఆ రోజు నీలి కొమ్ములతో మంద నదికి నీళ్లకు దిగుతుంటే ముసలాయన పళ్లన్నీ కనిపించేట్టు నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ దేశంలో నాకు నిజంగా పండుగ అనిపించింది ఆ ఒక్కనాడే.

వానలు ముదిరాక మా బండి దూరపు మేతల దాకా పోలేకపోయింది. ముసలాయన మనుషులకు సూది వేయడం నేర్పి, మందుతో పాటు రంగు డబ్బాలూ ఇచ్చి పంపాం. అవతలి ఒడ్డుకు కూడా మందు పంపాలని డాక్టర్ సాబ్ రెండు మూడుసార్లు ప్రయత్నించాడు. తిరుగుబాటుదారులు మమ్మల్ని రానివ్వలేదు. అట్లా నీలి కొమ్ములు ఇవతలి ఒడ్డునే మిగిలాయి. కొన్నాళ్లకు మా దుబాసి, ఆయన పాత రోజుల్లో బడిపంతులు, మెల్లగా డాక్టర్‌తో అన్నాడు. "ఇప్పుడు జనం దాన్ని మందు గుర్తు అనుకోవడం లేదు. నీలి టోపీల పశువులు అంటున్నారు." డాక్టర్ సాబ్ మంచిదే కదా, భయపడి ఎవరూ ముట్టుకోరు అన్నాడు. నేనూ అట్లాగే అనుకున్నాను.

ఎండలు ముదిరి నది సన్నటి పాయలుగా మిగిలిన రోజుల్లో ఒక పొద్దున ముసలాయన గేటు దగ్గరికి వచ్చాడు. బూడిద మీద చెమట చారలు కట్టి ఉన్నాయి. అవతలి వాళ్లు మందను తోలుకుపోయారు. పిల్లలు తాగేవి ఆ పాలే. ఆ ఎండల్లో పాలు లేకుంటే పసివాళ్లు బతకరని మా అందరికీ తెలుసు.

"మీ రంగును నమ్మి గంత దూరం మేతకు తోలినం. ఇప్పుడు మీ రంగు ఏం జేస్తది?" అని అడిగాడాయన.

కమాండర్ వైర్‌లెస్‌లో పైవాళ్లతో చాలాసేపు మాట్లాడాడు. ఏ గొడ్డు ఎవరిదో మీకెట్లా తెలుస్తుందని వాళ్లు అడిగారు. కొమ్ములు చూస్తే తెలుస్తుంది అన్నాడు కమాండర్. నీలి కొమ్ములవి మాత్రం తేవాలి, మిగతావాటిని తాకరాదు, కాల్పులు జరపరాదు. హుకుం అంత పద్ధతిగా ఉంది. ఇంతకంటే న్యాయం ఏముంటుంది అనిపించింది నాకు. గొడ్లను వేరు చేయడానికి మనిషి కావాలంటే నేనే ముందుకొచ్చాను. దుబాసి ఒక్కడే గొణిగాడు. "రంగు మనది సార్. వాళ్ల గుర్తులు వేరే ఉంటాయి." ఆయన మాట బండ్ల చప్పుడులో కలిసిపోయింది. తగుదునమ్మా అని నది దాటాం.

మా బండ్ల మీది పెద్ద తుపాకులు చూడగానే అవతలి వాళ్లు తమ తుపాకులు గడ్డిలో పారేసి వెనక్కి జరిగారు. ఎవరూ ఎదురు చెప్పలేదు. నేను దిగి నీలి కొమ్ముల పశువుల్ని ఒకవైపు తోలసాగాను. వాటిలో ఒక ఎద్దు ఉంది. తెల్లటి ఒంటి మీద నల్ల మచ్చలు. దాని ఎడమ కొమ్ము నుదుటి మీదికి వంగి ఉంది, కుడి కొమ్ము వెనక్కి తిరిగి ఉంది. అందమైన జంతువు. దాని పగ్గం పట్టుకొని ఒక నడివయసు మనిషి నిలబడ్డాడు. వదలలేదు.

అతను ఏదో చెబుతూ ఆ వంగిన కొమ్మును మళ్లీ మళ్లీ నిమిరాడు.

"ఇది నాది అంటున్నాడు. కొమ్ము చూడమంటున్నాడు," అన్నాడు దుబాసి.

కమాండర్ కొమ్ము చూశాడు. నీలంగా ఉంది. "చూశాను," అన్నాడు.

ఇద్దరు సైనికులు అతన్ని దురుసుగా కాకుండా భుజం పట్టి పక్కకు జరిపారు. పగ్గం నా చేతికి ఇచ్చారు. ఎద్దు కదలనని మొరాయించింది. నేను దాని తోక మెలిపెట్టి నడిపించాను, మా ఊళ్లో చేసినట్టే.

మా బండ్ల వెనక ముసలాయన మనుషులు కొందరు నడిచి వచ్చిన సంగతి మాకు తెలుసు. పశువుల్ని తోలడానికని రానిచ్చాం. బండ్లు వెనక్కి తిరుగుతున్నాయి, దుమ్ము లేచింది. ఆ మనిషి చేతులు ఖాళీగా పెట్టుకొని తన ఎద్దు వెంట నడుస్తూ వస్తున్నాడు. ముసలాయన మనుషుల్లో ఎవడో ఈటె విసిరాడు. దుమ్ము తగ్గేసరికి అతను ఇసుకలో ఉన్నాడు, ఈటె వేసినవాడు మందలో కలిసిపోయాడు. పగ్గం వదిలేసి పరుగెత్తాను, నా దగ్గర పశువుల మందుల పెట్టె ఉంది. గాయంలో గుడ్డ కుక్కి రెండు చేతులతో అదిమి పట్టుకున్నాను. అతను నా ముఖం చూడలేదు. ఎద్దు పోతున్న వైపే చూస్తూ ప్రాణం విడిచాడు. నాకు ఏడుపు ఆగలేదు. డ్రైవర్ వచ్చి నన్ను భుజాలు పట్టి లేపాడు.

పైనుంచి మాకు మెచ్చుకోలు వచ్చింది. ఒక్క తూటా పేలకుండా మందను వెనక్కి తెచ్చిన దళం అని. అది అబద్ధం కూడా కాదు. మేం ఒక్క తూటా పేల్చలేదు. ఒక వైపు తుపాకులు పడేయించి, రెండో వైపు ఈటెకు దారి చేశాం.

డ్రైవర్, నేను దాని గురించి చాలా వాదించుకున్నాం. "మన గేటు కాడ మనం కూసుంటే అయిపోతుండె. నది దాటుడే తప్పు," అన్నాను నేను.

"ఏహె, పోకుంటే పాలు లేక పోరలు సచ్చేటోళ్లు. గప్పుడు గదే అంటుంటివి, పోకపోతిమి అని," అన్నాడు. మళ్లీ తనే అన్నాడు. "గేటు కాడికి ఉరికొచ్చినోళ్లను కాపాడినం, మంచిదే. గేటు దాక నడ్వలేనోళ్ల సంగతేంది పటేలా?"

ఇప్పటికీ పండుగకు ఫోను చేసినప్పుడు అతను ఆ ప్రశ్న అడుగుతాడు.

తర్వాత కొద్ది రోజులకు మా గేటు లోపలి ఆవరణలో పశువులకు మందు వేస్తున్నాం. ముసలాయన తన మందను తెచ్చాడు. వరుస పక్కన ఒకామె వచ్చి నిలబడింది. వెంట పశువేదీ లేదు. నది దాటి ఒంటరిగా నడిచి వచ్చిందని దుబాసి చెప్పాడు. ఇవతలి వాళ్లు ఆమెను చూసి గుసగుసలాడుతున్నారు. ఆమె ఎవరినీ పట్టించుకోకుండా నోటికి చేయి అడ్డం పెట్టుకొని సన్నగా ఒక కూత కూసింది. మంద నడుమ నుంచి ఆ వంకర కొమ్ము ఎద్దు తల ఎత్తింది. మిగతా గొడ్లను తోసుకుంటూ వచ్చి ఆమె భుజం మీద మోర ఆనించింది.

నేను సూది పక్కన పెట్టాను.

"గానాడు ఈటె తాకి సచ్చినోడు నా తమ్ముడు," అందామె. "లేగప్పటి సంది రోజూ కట్టు గట్టి గా కొమ్మును వంచిండు. గది మా ఇంటి కొమ్ము. ఏరే ఇంటోళ్లు గట్ల వంచరు. మీకు సూపెట్టిండట గదా."

చూపించాడు. మేం కొమ్ము మీది రంగును చూశాం, కొమ్మును చూడలేదు. ఆ వంపులు అందం కోసమని ఇన్నాళ్లూ నేను మురిసిపోతూ వచ్చాను. ఇంటింటికీ వేరే వంపు ఉంటుందని అడిగి ఉంటే ఎవరైనా చెప్పేవారు.

డాక్టర్ సాబ్ ముసలాయన వైపు తిరిగాడు. ఆయన తడబడలేదు.

"అవును, నిరుడు వాళ్ల మందల నుంచి తెచ్చినం. మీ రంగు పూసినం. మీ రంగు పూస్తే మీరే కావలి ఉంటిరి. వాళ్లు మా పెద్దకొడుకును జంపిండ్రు, మరి గా లెక్క ఎవలడుగుతరు?" అన్నాడు. "మీరు రాకముందుగూడ ఒకల గొడ్లు ఒకలం గుంజుకునేటోళ్లం. గుంజుకున్నంక రెండు దిక్కుల పెద్దమనుషులు చెట్టు కింద కూసొని పంచాయితి తెంపుకునేటోళ్లం. మీరొచ్చినంక గా కూసునుడు బందయింది. ఎనుక గన్ని బండ్లుంటే ఎవడు కూసుంటడు?"

ఆయన మాటలో నాకు అబద్ధం కనపడలేదు. దొంగతనం ఆయనది. గోటితో పోయేదానికి గొడ్డలి తెచ్చి పెట్టినవాళ్లం మేం. ఆమె ఆయన్ని తిట్టలేదు, ఆయన ఆమెను వెళ్లగొట్టలేదు. ఇద్దరూ తమవాళ్లను పోగొట్టుకున్నవాళ్లే. చాలాసేపటికి ఆయన వంగి పగ్గం తీసి ఆమె చేతిలో పెట్టాడు, ముఖం పక్కకు తిప్పుకొని.

ఆమె పగ్గం పట్టుకుంది కానీ కదలలేదు.

"గీ రంగు తియ్యిండ్రి," అంది మాతో. "గీ కొమ్ములతోని తోలుకపోతే మావోళ్లు నన్ను మీ మనిషి అంటరు. దీన్నీ ఉంచరు, నన్నూ ఉంచరు."

డ్రైవర్ గాజు పెంకు తెచ్చాడు. నేను ఎద్దు మెడ పట్టుకున్నాను, అతను గీకాడు. తర్వాత చేతులు మార్చుకున్నాం. పైపొర పొడిలా రాలింది కానీ లోపలిది రాలేదు. కిరసనాయిలు పోసి రుద్దాం. కొమ్ము మొదట్లో గీకితే రక్తం వస్తుందని భయపడుతూ గీకాం. "పోదు పటేలా. మంచిగ గలిపిన," అన్నాడు డ్రైవర్. అతని కళ్లు ఎర్రగా ఉన్నాయి, కిరసనాయిలు వల్ల కాదు. పొద్దు వాలే వేళకు పగుళ్లలో నీలం గీతలు మాత్రం మిగిలాయి. ఆమె మా చేతులు పక్కకు తోసి, పచ్చి పేడ తీసుకొని కొమ్ముల నిండా మెత్తింది.

కమాండర్ ఇదంతా నిలబడి చూస్తూనే ఉన్నాడు. దుబాసిని పిలిచి, రెండు బండ్లు తోడు పంపిస్తానని, అవతలి ఒడ్డున ఆమె ఊరి దాకా దిగబెట్టి వస్తారని చెప్పమన్నాడు. ఆయన గొంతులో అంత బతిమాలడం నేను అంతకుముందు వినలేదు. డ్రైవర్ అప్పటికే బండి తాళంచెవి చేతిలోకి తీసుకున్నాడు.

ఆమె మా బండ్ల వైపు, తెరిచి ఉన్న గేటు వైపు చూసింది.

"నా ఎంబడి రాకుండ్రి," అంది. "గేటు మాత్రం మూయకుండ్రి. అటు మావోళ్లు రానియ్యకుంటే మల్ల గిటే ఉరికి రావాలె."

ఎద్దును ముందు నడిపించుకుంటూ ఇసుకలోకి దిగింది. పొద్దుగూకితే గేటు మూయాలన్నది మా నియమం. ఆ రోజు కమాండర్ మూయనివ్వలేదు. డాక్టర్ సాబ్, డ్రైవర్, నేను గేటు పక్కన నిలబడి నది వైపే చూస్తున్నాం. ఆమె తిరిగి రాలేదు. అవతల రానిచ్చారనుకున్నాం, ఇంకేదీ అనుకోవడానికి మనసు ఒప్పలేదు.

హోటల్లో నన్ను అడిగిన బిడ్డా, పోవాలా వద్దా అన్నావు. నేను అడగాల్సిన మనిషిని అడగకుండా ఒకసారి పోయి వచ్చాను. ఎద్దును తోలుకుపోతూ ఆమె చెప్పింది ఇదీ. ఇంతకంటే నాకు తెలియదు.